మూడో నంబరు ముల్లు

ఏడూ నలభై. మళ్ళీ మొదటి నుంచి గంట లెక్క, ఎందుకంటే చెంచమ్మ పిన్ని నా సొరంగాన్ని పేడతో అలికింది. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వేశాను, ఆ నవ్వు ఈ గోడకీ ఆ గోడకీ తగిలి తిరిగి నా మీదికే వచ్చింది, సొరంగంలో అదొక సుఖం, ఒక్క మనిషి నవ్వినా పెళ్ళివారు నవ్వినట్టుంటుంది. నెత్తి మీద కాలువ ఉంది. మాటవరసకి కాదు, నిజంగానే నెత్తి మీద: రెండు వైపులా షట్టర్లు దించి నిండు మట్టానికి నింపిన బ్రాంచి కాలువ, ఆరడుగుల లోతు నీళ్ళు, వాటి కింద అడుగున్నర మందం కాంక్రీటు కప్పు, దాని కింద ఊళ్ళోకి పోయే రోడ్డు, ఆ రోడ్డు మీద ప్లాస్టిక్ కుర్చీలో నేను, ఇరిగేషను డీఈ బిందుమాధవిని, ఎదురుగా వరసగా అయిదు డయల్ గేజిలు. కప్పు కిందికి వంగితే గేజి పుల్ల నొక్కుకుంటుంది, ముల్లు ముందుకు నడుస్తుంది, ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. ఈ గంటలో ముల్లు అయిదు గీతలు దాటకపోతే మంటల్లో కాలిన ఈ కప్పు ఇంకా గట్టిగా ఉన్నట్టే, నీళ్ళు కిందికి వదలొచ్చు. దాటిందా, గేట్లు చూసే లస్కరు పానకాలుకి కబురు పెట్టి ఎస్కేపు గేటు ఎత్తించి నీళ్ళన్నీ వాగులో పోయించాలి, సొరంగం పడగొట్టి కట్టేదాకా ఇది ఎండు కాలువే, దీని కింద పద్దెనిమిది ఊళ్ళ మిరప ఒక్క తడి లేక తాలు కాయైపోతుంది. రిజిస్టరులో తేదీ వేసి ఉంది, 2007 ఫిబ్రవరి పదిహేడు, దాని కింద నా సంతకానికి ఖాళీ.

అసలు గంట ఏడింటికే మొదలుపెట్టాను. నడిమధ్యన ఉన్నది మూడో నంబరు, అన్నిటికంటే ఎక్కువ కదలాల్సింది అదే. అలాంటిది వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఒక గీత, రెండు గీతలు, ఏడు గీతలు వెనక్కి. ఇదేం విడ్డూరం, నీళ్ళ బరువుకి కప్పు పైకి లేస్తుందా? పదమూడేళ్ళ సర్వీసు, కళ్ళద్దాలు తుడుచుకున్నాను, మళ్ళీ చూశాను, ఎనిమిది. చదివిన చదువంతా ఒక్క నిమిషం తలకిందులుగా కనిపించింది. అప్పుడు వంగి స్టాండు కాలు కింద వేలు పెట్టాను, వేలు మెత్తగా దిగింది, వాసన చూశాను, ఇంకేముంది. కప్పు లేవలేదు, స్టాండే దిగుతోంది. "ఎవరిక్కడ అలికింది?" అని నేను పెట్టిన కేకకి గబ్బిలాలు లేచాయి. సొరంగం మొదట్లో కూర్చున్న చెంచమ్మ కొంగు సర్దుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి, కాలువ పక్కనే రెండెకరాల మిరప ఆమెది. "నేనేనమ్మా, మొన్న సందెవేళ. ఇన్నాళ్ళకి గంగమ్మ తల్లి వస్తుంటే మసినేల మీదికి రమ్మంటామా? నడిమధ్యన కాస్త మందంగా అలికా." "గంగమ్మ పైనుంచి పోతుంది పిన్నీ, కిందనుంచి కాదు!" "పైనైతేనేం, కిందైతేనేం, వాకిలి శుభ్రంగా ఉండొద్దూ?" తప్పు ఆమెది కాదు, తెల్లవారుజామున టార్చిలైటు వెలుతురులో స్టాండు పెట్టించి, కాలు కింద తడిమి చూడని నాది. పైన పెళ్ళలా గట్టిగానే ఉందది, లోపల పచ్చి ఆరలేదు.

తాపీతో గీకించి, సిమెంటు రోడ్డు తేలాక స్టాండు మళ్ళీ నిలబెట్టి, ముల్లు సున్నా మీదికి తిప్పాను. మిగతా నాలుగు గేజిల కింద అలుకు పలచగా ఎండి గట్టిగానే ఉంది, కాలువ నిండినప్పుడు అవి చూపించిన వంపు నా లెక్కకి ఇంచుమించు సరిపోయింది, కాబట్టి బరువు మోయడం మోసింది, ఇక తేలాల్సింది ఒక్కటే, మోస్తూ మోస్తూ నడిమధ్యన జారిపోతోందా, నిలబడుతోందా అన్నది. సెల్లులో మా పై అధికారి, ఈఈ శివరామకృష్ణ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "గేజి పోయిందంటే టెస్టు పోయినట్టేనమ్మా. ఎస్కేపు ఎత్తించెయ్యి, మనకెందుకు రిస్కు" అన్నారు. "ఒక్క గంట ఇవ్వండి సార్, రేపు సాయంత్రంతో మన వంతు నీళ్ళు అయిపోతాయి, మళ్ళీ నింపడానికి నీళ్ళుండవు." ఆయన మెల్లగా, "మీ నాన్నగారి పొలం కూడా ఆ కాలువ చివరే కదమ్మా?" అన్నారు. అవును సార్, అన్నాను. గంట ఇచ్చారు. కోపంగా అని ఉంటే తిరిగి కోపంగానే అనేదాన్ని, నా నోటికి ఆఫీసులో పేరుంది. మంచిగా అన్నారు, అదే గుచ్చుకుంది.

ఏడూ యాభై. సున్నా. ఆయనన్నది తప్పా? పొదిలి అవతల మా ఊరు ఈ కాలువకి తోక, నీళ్ళు అందరి పొలాలూ తడిపి దయతలచి ఆఖరున వస్తే వచ్చినట్టు, మా నాన్న బుల్లయ్య మూడెకరాల మిరప ఆ దయ మీదే నిలబడి ఉంది, రెండో కోతకి కాయ దిగి ఉంది. ఈ మూడు వారాల్లో ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. రోజూ ఫోను చేస్తాడు, తిన్నావా అంటాడు, అక్కడ మంచు పడుతోందా అంటాడు, పెట్టేస్తాడు. అడిగితే కసురుకునేదాన్ని, నీ పొలం కోసం నేను సంతకం పెట్టాలా అని అరిచేదాన్ని, తర్వాత హాయిగా ఏడ్చేదాన్ని. అడగని మనిషితో ఎలా పోట్లాడతాం? నాకు ఈ కప్పు గట్టిదని తేలాలని ఉంది, ఎంతుందంటే ముల్లు కదిలినా కదల్లేదని నా కళ్ళు అబద్ధం చెప్పేటంత. ఆ భయం ముందు నెత్తి మీద నీళ్ళ భయం ఏపాటిది. వాటికైతే ఇటు పది అటు పది సరుగుడు బాదులు ఆసరా పెట్టించాను, కప్పుకీ వాటికీ అంగుళం సందు వదిలి, జారితే పట్టుకోడానికి. నా కళ్ళకి ఏ బాదు పెట్టను?

చల్లగా ఉంది ఇక్కడ, బయట ఎండ మొదలైనా ఇక్కడికి రాదు, నీళ్ళ కింద చల్లదనం వేరు, కుండ పక్కన కూర్చున్నట్టుంటుంది. మూడు వారాల కిందట ఇదే చోట ఇటుకబట్టీ అంత వేడి. లాల్ అహ్మద్ అని వినుకొండ వైపు డ్రైవరు, విడి పత్తి తొక్కి తొక్కి నింపిన లారీ, పొట్ట నాలుగు వైపులా ఉబ్బి, తెల్లగా. సొరంగం ఎత్తు చూసుకున్నాడు కానీ పత్తి ఎత్తు చూసుకోలేదు. నడిమధ్యన ఇరుక్కుంది. వెనక్కి రాదు, ముందుకు పోదు, గట్టిగా రేజు చేశాడు, సైలెన్సరులోంచి నిప్పురవ్వ లేచింది. అతను బయటికి ఉరికి బతికిపోయాడు, అందుకు దేవుడికి దండం. పత్తి భగ్గుమని మండి ఊరుకునే సరుకు కాదు, పైన ఆరిపోయినట్టుంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది, ఆ రాత్రీ మర్నాడూ రాజుకుంది. ఊరి జనం బిందెలతో నీళ్ళు తెచ్చి కాలుతున్న కప్పు మీదికి కొట్టారు, పాపం మంచికే, పెచ్చులు టపాకాయల్లా పేలి ఊడిపడ్డాయి. పానకాలు పరుగెత్తి కాలువ కట్టేశాడు. అప్పటి నుంచి లాల్ అహ్మద్ రెండు రోజులకోసారి బస్సెక్కి వస్తున్నాడు, దూరంగా నిలబడి కప్పు వంక చూస్తాడు, ఆసుపత్రిలో చుట్టాన్ని చూడ్డానికొచ్చినట్టు. ఇవాళ కూడా గట్టు మీద ఉన్నాడు, టీ తెచ్చిచ్చాడు, ఎన్ని గీతలండీ అని అడగబోయి మానేశాడు.

ఎనిమిదింటికి చూశాను, సున్నా మీదే ఉంది. నిజంగా సున్నానేనా? ముల్లు వెంట్రుకంత జరిగినట్టూ ఉంది, జరగనట్టూ ఉంది. కాలిన కాంక్రీటు రంగు చెబుతుంది, అది నాకు ఇష్టమైన సంగతి, మనిషి మొహం లాగే, ఎంత వేడి తగిలిందో దాచుకోలేదు. మూడొందల డిగ్రీలు దాటితే గులాబీ రంగుకి తిరుగుతుంది, ఆరొందలు దాటితే బూడిద తెలుపు, గులాబీ ఎంత లోతుకి దిగిందో చూస్తే లోపలి ఇనపచువ్వలకి వేడి తగిలిందో లేదో తెలిసిపోతుంది. ఆ రంగు చూద్దామని గుంటూరు నుంచి జీపులో ఉరుకులు పరుగుల మీద వచ్చి చూద్దును కదా, సొరంగం తళతళ మెరుస్తోంది, ఆ చివర నుంచి ఈ చివరకి తెల్లగా సున్నం, గోడల కింద రెండు వేళ్ళ వెడల్పున ఎర్ర జాజు పట్టీ! "ఆఫీసర్లొస్తుంటే నల్ల మొహాలు చూపిస్తామా అమ్మా, ఇరవైమంది ఆడోళ్ళం రెండు రోజులు చేశాం" అని చెంచమ్మ పిన్ని గర్వంగా నిలబడింది, మోచేతుల దాకా సున్నం. నేను ఆ రోజు అరిచిన అరుపులు కాలువ అవతలి ఊరికి వినిపించాయట. పేషెంటుకి పౌడరు రాసి డాక్టరు ముందు కూర్చోబెడతారా అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆమె అంతా విని, "అరిచింది చాల్లే, మజ్జిగ తాగు, గొంతు పోతది" అంది. తాగాను.

తర్వాత వారం రోజులు సుత్తి పట్టుకుని నిచ్చెన మీద నేను, నిచ్చెన పట్టుకుని ఆమె. గట్టి చోట సుత్తికి ఖంగుమంటుంది, పెచ్చు కట్టిన చోట డొల్ల మోత. నాకంటే ముందు ఆమె పట్టేసేది, అదుగో డొల్ల, ఇదుగో డొల్ల, సంతలో కుండ వాయించి కొన్న చెవులు. డొల్ల ఉన్నదంతా కొట్టించి కొత్త కాంక్రీటు పట్టించాం. మిషను తెప్పించి తొమ్మిది చోట్ల కప్పులోంచి ముక్కలు తీయించాను, మొదటి ముక్క చేతిలోకి వచ్చినప్పుడు, అబ్బ, అంచు మాత్రం లేత గులాబీ, లోపలంతా మామూలు బూడిద రంగు, ఎర్రజామకాయ లోపలిది బయటికి తిప్పినట్టు. రెండున్నర సెంటీమీటర్లు గులాబీ. చువ్వలున్నది అయిదు సెంటీమీటర్ల లోపల. ఆ ముక్కని చేత పట్టుకుని రోడ్డు మీద చెంగుచెంగున గంతులేశాను, ముప్ఫై అయిదేళ్ళ ఆడదాన్ని, పానకాలు మొహం తిప్పుకున్నాడు. అలా తొమ్మిది ముక్కలూ చెప్పాయి, కప్పు బతికే ఉందని. అయినా కాగితం మీది మాట వేరు, నెత్తి మీద నీళ్ళు నిలబెట్టిన మాట వేరు, అందుకే ఈ టెస్టు, అందుకే ఈ గంట. పట్టుబట్టి టెస్టు అడిగింది నేనే, ఈ పేడ మీద జారింది కూడా నేనే.

నీళ్ళు. చిన్నప్పుడు కాలువకి నీళ్ళు వదిలారంటే బడి ఉండేది కాదు, అయ్యవారు కూడా మా వెనకే వచ్చేవాడు. ఎండిన కాలువలోకి దిగి నిలబడేవాళ్ళం, ముందు చల్లటి గాలి వచ్చేది, మట్టి వాసన, తర్వాత దూరంగా గోధుమరంగు నురగ, ఎండాకులూ చీమలూ పుల్లలూ అన్నిటినీ ఎత్తుకుని బుసబుసమంటూ నీటి మొన. దాని ముందు పరుగెత్తాలి, అదీ ఆట, అది మడమ తాకితే ఓడినట్టు. నేను ఎప్పుడూ ఓడేదాన్ని, కావాలనే ఓడేదాన్ని, మడమకి చల్లగా తగలగానే కెవ్వున అరవడానికి. ఎనభై ఎనిమిదిలో మాత్రం మూడు రోజులు నిలబడ్డాం, రాలేదు, పైన ఎక్కడో గండి పడిందన్నారు. నాన్న ఆ ఏడు మిరప పీకేశాడు, ఒక్కో మొక్కా పీకి గట్టు మీద వేస్తూ పాట పాడాడు, ఏ పాటో గుర్తు లేదు, గొంతు బాగుండదు ఆయనది. ఆ సాయంత్రమే నేను ఇంజినీరింగు చదువుతానన్నాను. ఎందుకన్నానో ఎవరూ అడగలేదు, అందరూ సరే అన్నారు.

ఎనిమిదీ పది. సున్నా అని రాయబోయాను. పెన్ను రిజిస్టరు మీద పెట్టాను కూడా. "కదిలింది" అంది వెనకనుంచి చెంచమ్మ పిన్ని. ఎప్పుడొచ్చి నిలబడిందో. "ఎక్కడ పిన్నీ, సున్నా మీదే ఉంది." "లేదమ్మా, ఒక గీత. నువ్వు కుడిపక్క నుంచి చూస్తున్నావు, ముల్లుకి ఎదురుగా వచ్చి చూడు. మిరప యార్డులో నలభయ్యేళ్ళుగా కాటా ముల్లు చూస్తన్నా, నన్ను పక్కన నిలబెట్టి ఎంతమంది ముంచారో." జరిగి చూశాను. ఒక గీత. గీతంటే గీతే, పొల్లు లేదు. నా చెవులు వేడెక్కాయి. ఆమె రెండెకరాలు కూడా ఈ నీళ్ళ కిందే ఉన్నాయి, ఎండి ముడుచుకుంటున్న ఆకుల్ని పొద్దున నాకు చూపించింది కూడా, కదల్లేదని నేనంటే ఊఁ అని ఊరుకుంటే ఆమె సొమ్మేం పోతుంది? "పిన్నీ, ఇది అయిదు దాటితే నీళ్ళు వాగుపాలు, తెలుసుగా?" "తెలుసు. కదిలిందాన్ని కదల్లేదంటే రేపు ఇది పడదా? నా మనవరాలు సైకిలేసుకుని బడికి పోయేది దీని కిందనుంచే." అని గేజి ముందు గొంతుక్కూర్చుంది. ఒకటి, అని రాశాను. పట్టలేని సంతోషం వేసింది, ముల్లు కదిలినందుకు సంతోషించిన ఇంజినీరు ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. నా కళ్ళకి ఆసరా దొరికింది. "పిన్నీ, ఇక నువ్వు చెప్పు, నేను రాస్తా" అన్నాను, కుర్చీ తిప్పేసి గోడవైపు కూర్చున్నాను.

ఎనిమిదీ ఇరవై, "ఒకటే." సున్నం గోడ మీద నా నీడ, జుట్టు రేగిపోయి. ఎనిమిదిన్నర, "రెండు." పది నిమిషాలు మిగిలాయి, మూడు గీతలు మిగిలాయి, మూడు గీతలంటే ఎంత, కాగితం మందం కూడా కాదు, ఆ సందులో పద్దెనిమిది ఊళ్ళు. పైన నీళ్ళు చప్పుడు చేయవు, నిలబడ్డ నీళ్ళకి చప్పుడేముంది, అయినా వినపడుతున్నట్టే ఉంది. అయిదు దాటితే దాటుతుంది, రాస్తాను, గేటు ఎత్తమంటాను, నాన్నకి నేనే ఫోను చేసి చెబుతాను, పాట పాడితే పాడతాడు. ఈ మాట లోపల అనుకున్నాక తేలికైపోయాను, విచిత్రంగా, ఆకలి కూడా వేసింది, దోసావకాయ గుర్తొచ్చింది, పిన్ని వాళ్ళింట్లో ఉందని తెలుసు. బయట గట్టు మీద జనం ఎవరూ మాట్లాడటం లేదు. ఇంతమంది మా వైపోళ్ళు ఒక్కచోట చేరి నోరు మూసుకోవడం నేనెప్పుడూ వినలేదు.

"ఎనిమిదీ నలభై పిన్నీ." 

"రెండు."

"సరిగ్గా చూడు."

"రెండంటే రెండమ్మా! ఇందాకటి నుంచి రాయిలా అక్కడే ఉంది. కావాలంటే నువ్వే చూసుకో."

ముల్లుకి ఎదురుగా వంగి చూశాను. రెండు. రాశాను, సంతకం పెట్టాను, తొందరలో పేరులో చివరి అక్షరం పక్క గడిలోకి పోయింది, పోతే పోనీ. "పానకాలూ! కింది షట్టరు ఎత్తెయ్!" అని అరిచాను, ఆ అరుపు సొరంగం నాలుగుసార్లు తిరిగి అరిచింది, గట్టు మీద ఒక్కసారిగా గోల, ఈలలు, ఎవరో ఎవరినో బూతులు తిడుతూ కౌగిలించుకుంటున్నారు. పానకాలు గొంతు, "ఎత్తుతున్నానండీ మేడమ్, ఎత్తేస్తున్నా!" షట్టరు మర కిర్రుకిర్రుమంది. పైన కప్పు మీద ఏదో దొర్లినట్టు మోత, నీళ్ళు నడవడం మొదలైంది. చెంచమ్మ పిన్ని నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా చీర పైకి దోపి పరుగు తీసింది, పొలానికి మడవ తీసుకోవాలి కదా, మాటలకి తీరికెక్కడ. సొరంగం మొదట్లో లాల్ అహ్మద్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, భుజాలు కదులుతున్నాయి, నేను పలకరించలేదు, ఏడవనీ అనుకున్నాను.

ఈఈ గారికి ముందు చేయాలి, నాన్నకి చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు, సెల్లు చేతిలోనే పెట్టుకుని ఉన్నట్టున్నాడు.

"నాన్నా, వదిలేశాం. నీళ్ళొస్తున్నాయి."

గాలి చప్పుడు, ఎక్కడో గేదె. తర్వాత, "నువ్వెక్కడున్నావే?" అన్నాడు.

"ఇక్కడే, సొరంగంలో. నీళ్ళు నా నెత్తి మీద నుంచే పోతున్నాయి, వినపడుతోందా?"

"ముందు బయటికి రా."

"గట్టిగా ఉంది నాన్నా, రెండే గీతలు. నేనే సంతకం పెట్టాను."

"పెట్టావులే సంతకం. పొలం సంగతి తర్వాత, నువ్వు ముందు బయటికి రావే తల్లీ" అన్నాడు, నేను గట్టెక్కి, నీళ్ళు పోవడం కళ్ళారా చూస్తున్నానని చెప్పేదాకా ఫోను పెట్టలేదు.